భుజం దగ్గర మడత

హలో… ఆ, నేనేరా తమ్ముడూ, ఈ షాపులో నేను కాక ఇంకెవరుంటారు… వినపడుతోంది, మిషన్ ఆపేశాను. చెప్పు.

…

నాకేం, బానే ఉన్నాను. మీ బావా బానే ఉన్నాడు. నువ్వు పెద్దవాడివి, పేపర్లో ఫొటోలు పడేవాడివి… ఇవాళ అక్క ఎలా గుర్తొచ్చింది?

లేదు, కోపం లేదు. కోపమెందుకు…

ఆ, చూశాను. టీవీలో చూశాను. మీ మాండొలిన్ పొడుగోడు ఓ పక్కన, గిటారు పట్టుకుని నువ్వు ఓ పక్కన, మధ్యలో కళ్ళజోడు పెట్టుకుని ఆవిడ… ఆ, ఆ పిల్లే. ఇప్పుడు మా బ్యాండుకి మాటలు ఈవిడే రాస్తోందండీ అని నీ నోటితో నువ్వే చెప్పావుగా… నవ్వుతూ చెప్పావ్.

నేనా? కుళ్ళా? నాకెందుకురా కుళ్ళు. నా షాపు నాకుంది, నా పని నాకుంది—

…

సరే, కుళ్ళే. అయితే ఏంటట?

ఒక్క నిమిషం ఉండు… రండి, జిప్పు మార్చాలా?… రేపు సాయంత్రం తీసుకోండి. పేరు రాయక్కర్లేదండీ, ప్యాంటు చూస్తే మనిషి గుర్తొస్తారు నాకు… ఆ, మంచిది.

— చెప్పరా, వింటున్నా.

మొదటి పాట ఎక్కడ కట్టావు నువ్వు? చెప్పు, నీ నోటితోనే చెప్పు… ఆ. ఇక్కడే, ఈ ఇస్త్రీ బల్ల మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని. నేను ప్యాంట్ల అంచులు కుడుతుంటే, నా మిషన్ చప్పుడుకి నువ్వు గిటారు వాయించావ్. అప్పుడు మీకు డ్రమ్ములెక్కడ ఏడిశాయి? నా కాలే మీ డ్రమ్ము… నవ్వకు. మొదటి ఆల్బంలో ఇప్పటికీ వినపడుతుంది. మూడో పాటలో దారం తెగి నేను ఆగితే పాటా ఆగింది. దాని గురించి ఎవరో రాశారే, నిశ్శబ్దాన్ని కూడా వాయిద్యంలా వాడుకున్నారని… చదివి ఎంత నవ్వుకున్నాం. నిశ్శబ్దం కాదు, దారం తెగిందని నీకూ నాకూ తెలుసు.

ఇండీ ఫోక్ అని పేరు కూడా వాళ్ళే పెట్టారు. నాకేం తెలుసు, నేను జేబులు కుట్టుకుంటున్నా.

…

కాదురా, మీరు పెరిగితే నాకు సంతోషం కాదా? కాఫీ షాపులో ఓ మూల నిలబడి పాడారు, విన్నది ముగ్గురు, అందులో ఒకరు మీ బావ. రెండో ఆల్బంకి చిన్న హాలు నిండింది. మూడోదానికి ఫిడేళ్ళొచ్చాయి, బాకాలొచ్చాయి… అన్నీ విన్నాను. అయినా మాటలకి మాత్రం నాకే ఫోన్ చేసేవాడివి. బస్సులోంచి, మెట్ల కిందనుంచి, ఎక్కడుంటే అక్కణ్ణుంచి. నువ్వు కూనిరాగం తీసేవాడివి, ట్యూన్ నిలబడ్డానికి నేను నోటికొచ్చింది అనేదాన్ని. డమ్మీ మాటలు. కాజా, గుండీ, దారపుండ, బల్ల మీద ఏదుంటే అది. ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని అసలు మాటలు రాసిచ్చేదాన్ని… అది మన పద్ధతి. అవునా కాదా?

…

అవునుగా. మరి వానలప్పుడు పాడి వినిపించిన ట్యూన్ ఏమైంది?… ఆ, అదే. చివర్లో పైకెక్కి దిగనంటుందే, అది. దానికి నేను మాటలు పంపానా లేదా? చందమామ, పడవ, అవతలి ఒడ్డు… ఎంత కష్టపడి రాశాననుకున్నావ్. రాస్తూ కూర మాడబెడితే, చందమామని చూస్తూ వండావా అని మీ బావ వెక్కిరించాడు కూడా. నువ్వేమన్నావ్? ఆ పాట పక్కన పెట్టాంలే అక్కా, అన్నావ్. ఒక్క ముక్క. పక్కన పెట్టి ఆవిడకిచ్చావ్.

అబద్ధమాడకు. టీవీలో ఆ ట్యూన్ మాటల్లేకుండా ఓ ముక్క వేశారు. తలుపు అవతల మోగినా గుర్తుపడతాను నేను.

ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దవాళ్ళు ఊరికే అన్లేదు…

…ఏంటి?

ఆవిడ రాయలేదా? మరెవరు రాశారు?… నావేనా? నా చందమామేనా?

…కాదా. మరి?

మళ్ళీ చెప్పు. నిదానంగా చెప్పు.

డమ్మీ మాటలా.

ఏవి, ఫోన్లో నేను వాగినవా… ఛ. అవి రికార్డు చేశావా నువ్వు?… డ్రమ్ముల అబ్బాయికి తాళం తెలియడానికి వినిపించావ్. సరే. అక్కడ ఆవిడ కూడా ఉంది. ఊఁ… ఏమంది?

…

కొత్తగా ఏం రాయాలి, మాటలు ఇక్కడే ఉన్నాయిగా… అందా.

అవి మాటలేంట్రా. ఆ రోజు నీ కోటు నా చేతిలో ఉంది. నీ మొదటి ప్రోగ్రాంకి నేను కుట్టిన గోధుమరంగు కోటు. ప్రతి ఆల్బంకీ పట్టుకొస్తావుగా, బిగుతైపోయిందక్కా, కాస్త వదులు చెయ్యి అని. దాన్ని చూస్తూ ఏదో అన్నాను. ఏమన్నానో కూడా గుర్తులేదు… ఏది, నువ్వు చెప్పు.

…

భుజం దగ్గర మడత విప్పేశా… లోపల ఇంక గుడ్డ లేదు… ఎంత పెరిగావో నీకే తెలీదు.

అంతేనా?

ఇది పాటా?… పొడుగోడు ఏడ్చాడా? వాడిదేముంది, వాడు ఉల్లిపాయని చూసినా ఏడుస్తాడు.

కాదు, నాకు తెలీకడుగుతాను. నేను కళ్ళు పోయేలా కూర్చుని రాసింది చెత్తబుట్టలోకి, మడత విప్పుకుంటూ వాగింది పాటా? ఇప్పుడు నా మాటల మీద నేనే కుళ్ళుకోవాలా?… ఉండు, నన్ను చెప్పనీ. అది కాదు నాకు మంట. ఇన్నేళ్ళు నా డమ్మీ మాటలు విన్నవాడివి నువ్వు. ఒక్కటంటే ఒక్కటి ఉంచుదామక్కా అన్లేదు. నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల ఒక్కసారి విని పట్టేసింది. అదిరా నా కడుపుమంట.

…

సరేలే. పాట అయిపోయిందిగా, ఇంకేం పని నాతో?

రెండో చరణం లేదా. ఎందుకు లేదు?… అవును, అవును. అప్పుడే ఎవరో యూనిఫాం పట్టుకొచ్చారు, ఫోన్ పెట్టేశాను. అంటే అక్కడ నువ్వు ఊరికే రాగం తీస్తున్నావన్నమాట. సాయంత్రానికి పాట పంపెయ్యాలి. అందుకు గుర్తొచ్చింది అక్క.

ఇవ్వను.

…ఇవ్వనంటే ఇవ్వను. ఆవిడనే రాయమను. కళ్ళజోడుందిగా.

రాసి చూసిందా?… కుదర్లేదా. ఎందుకట?

…

తన మాటలు తన మాటల్లానే ఉన్నాయందా. హూఁ. అది తెలిసిందంటే కాస్త బుర్రున్నదే.

వద్దు. ఆవిడకివ్వకు ఫోను. ఒరేయ్, నా మాట విను, ఒరే—

…

హలో. ఆ, నమస్తే అండీ… అక్కా అని పిలవక్కర్లేదు, నేను వాడికి అక్కని… సరే, మీ ఇష్టం.

ఆ, విన్నాను మీ పాటలు… అన్నీ విన్నాను… బాగున్నాయి.

…రెండు బాగున్నాయి.

ఆ మెట్ల మీద చెప్పుల పాట ఉందే, అది వింటుంటే ఇది నేనెందుకు రాయలేదా అనిపించింది. ఆ రోజంతా పని సాగలేదు, ఓ షర్టుకి కాలరు తిరగేసి కుట్టాను. ఇంతకంటే ఏం చెప్పను, ఉన్నమాట చెప్పాను.

…నవ్వకమ్మా.

ఇప్పుడా? ఇప్పటికిప్పుడు నాకేం వస్తుంది… ట్యూన్ తీస్తావా. తియ్యి. విని పెట్టేస్తాను, నాకు పనుంది.

…

…

బాగానే తీస్తున్నావే. చివర పైకెక్కేచోట వాడు జారతాడు. నువ్వు జారలేదు.

కోటా? ఇక్కడే ఉంది, ఎదురుగా, కొక్కేనికి వేలాడుతోంది. వానలప్పట్నుంచీ అలాగే ఉంది. ఏం చెయ్యమంటావ్, లోపల గుడ్డ అయిపోయిందన్నాగా… పారెయ్యడానికి చేతులు రావు. వాడికి కొత్తది కుట్టడానికి మనసు రాదు.

…ఎలా అంటే, పక్కల కుట్లు విప్పి మధ్యలో వేరే గుడ్డ పట్టీలా వెయ్యాలి… ఆ గోధుమరంగు ఇప్పుడు ఎక్కడా దొరకదు. నా దగ్గర నీలం ఉంది… కలవదమ్మా, రంగెలా కలుస్తుంది. చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. తెలియనీ. కుట్టు గట్టిగుంటే చాలు.

…

హలో?… ఉన్నావా?… ఏం చేస్తున్నావ్, రాసుకుంటున్నావా?

ఏది?… ఇప్పుడన్నదా?

…

…

ఏది, ఓసారి పాడు.

…

…

ఉన్నాను, లైన్లోనే ఉన్నాను. ముక్కు… ఏం లేదు, షాపులో గుడ్డ పీచు ఎక్కువ.

ఊఁ. చివర్లో ‘చాలు’ అన్నచోట సాగదియ్యకండి. వాడికి అక్కడ ఊపిరి అందదు. చిన్నప్పట్నుంచీ అంతే… నీకు తెలీదులే. కొన్ని నాకే తెలుసు.

…ఆల్బం అట్ట మీద పేరా? నాదొక్కటే వేస్తారా?… వద్దు. నీదీ వెయ్యి. పట్టుకుంది నువ్వేగా… కానీ నాది పైన ఉండాలి.

వాడికివ్వకు ఫోను, వాడి సంగతి తర్వాత చూస్తాను. నీకో మాట. ఇకమీదట కొత్త ట్యూన్ ఏది పుట్టినా ముందు నాకు వినిపించాలి. డ్రమ్ముల అబ్బాయికి కాదు, పొడుగోడికి కాదు, నాకు… వాడు చెయ్యడు, మర్చిపోతాడు. నువ్వు చెయ్యి. మిషన్ ఆపుతాను.

…ఆ. ఇంకోటి, వాడి ఛాతీ కొలత తీసి చెప్పు. ఊపిరి బిగబట్టి సన్నగా చూపిస్తాడు, వాణ్ణి నమ్మకు. మాట్లాడిస్తూ తియ్యి…

సరే, ఉంటానమ్మా. నీలం గుడ్డ పైఅరలో ఉంది, దించాలి.