నడిమి వాకిలి మీది రేకులు

పందొమ్మిది వందల తొంభై ఒకటి, జూలై ఎనిమిదవ తేదీన మన కార్యాలయంలో సహాయ ఆర్కిటెక్టుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీ మేకల ప్రభుదాసు గారు, సుదీర్ఘ సేవానంతరం ఈ మే నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సంచికకు అభినందన వ్యాసం రాయమని మిత్రులు కోరినప్పుడు సంతోషంగా ఒప్పుకున్నాను. తీరా రాయడానికి కూర్చున్నాక ఆ సంతోషం ఎటు పోయిందో పోయింది. ఆయన గీసిన ప్రతి నక్షకూ శుభ్రప్రతి తీసినదాన్ని గనుక ఉన్నది ఉన్నట్టే రాస్తాను. సన్మాన సంచికలో ఇవన్నీ ఎందుకమ్మా అనేవారు నిరభ్యంతరంగా పుట తిప్పేయవచ్చు.

ప్రభుదాసు గారు కాజీపేట బిడ్డ. తండ్రి ఫ్రాన్సిస్ గారు రైల్వేలో ఫిట్టరు; తల్లి ఏసమ్మ గారు. వారిది రేకుల ఇల్లు. ఎండాకాలం పగటిపూట ఇంట్లో నిలవలేక తల్లీకొడుకులు చర్చి వరండాలో కూర్చునేవారట. నీడ, గాలి కూడా బీదవాళ్లకు ఎవరో ఒకరు కట్టి ఇస్తేనే దొరుకుతాయని తనకు ఆ వరండాలోనే తెలిసిందని ఆయన ఎన్నోసార్లు అన్నారు.

ఉద్యోగంలో చేరిన తొలి దశకంలో ఆయనకు దక్కినవి పల్లెటూరి బడులు, ప్రహరీగోడలు, చిన్న చిన్న ఆరోగ్య కేంద్రాలు. వాటినే ఆయన మహాభవనాలంత శ్రద్ధతో రూపొందించారు. ఎక్కడ కట్టడం తలపెట్టినా మిట్టమధ్యాహ్నం ఆ జాగకు వెళ్లి, జనం ఏ మూలన నిలబడుతున్నారో, గాలి ఏ పక్కనుంచి వస్తున్నదో కళ్లారా చూడనిదే పెన్సిలు పట్టేవారు కాదు. "సారు సైటుకు పోయి కునుకు తీస్తాండు" అని మా సూపర్‌వైజరు వీరభద్రం గారు ఆటపట్టించేవారు. పాలంపేటకు కూడా అట్లాగే పోయేవారు. రామప్ప గుడిలో అందరూ శిల్పాలు చూస్తే ఈయన చూరు ఎంత ముందుకు వచ్చిందో, కూర్చునే అరుగు ఎంత ఎత్తున ఉన్నదో చూసి వచ్చేవారు. పాత గుడిని అనుకరించకుండా, పట్నపు ఫ్యాషనును అరువు తెచ్చుకోకుండా, ఈ నేలకూ ఈ ఎండకూ తగిన నవీన నిర్మాణాన్ని సాధించాలన్నదే ఆయన తపన.

ఆ తపన సంపూర్ణంగా ఫలించినది కాజీపేట పఠన మందిరంలో. పూతలేని ఇటుక గోడలు, వాటిలో గాలి వచ్చిపోయే జాలీలు, చుట్టూ లోతైన చూరు, చూరు కింద రాతి అరుగులు, అన్నిటికీ నడుమ పైకప్పు లేని వాకిలి. వేడెక్కిన గాలి ఆ వాకిలిలోంచి పైకి పోతే, జాలీల గుండా చల్లగాలి లోపలికి వస్తుంది. రిటైరైన రైల్వే పెద్దలు, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు ఫ్యాను ఊసే లేకుండా అందులో పొద్దంతా గడిపేవారు.

దాని ప్రారంభోత్సవం నాటి ముచ్చట చెప్పకుంటే ఈ వ్యాసానికి అర్థం లేదు. ముఖ్య అతిథికి ఎండ తగలొద్దని టెంట్‌హౌస్ సదానందం గారు ఆ నడిమి వాకిలికి ఈ చివరనుంచి ఆ చివరదాకా షామియానా బిగించారు. ఇంకేముంది! సభ మొదలైన కాసేపటికే అందరికీ చెమటలు. "బిల్డింగు మంచిగనే ఉన్నది గని, గాలే లేదయ్యా" అన్నారు ముఖ్య అతిథి మైకులోనే. ప్రభుదాసు గారు తలెత్తి షామియానా వంక చూశారు. అప్పుడు ముందు వరుసలోంచి ఏసమ్మ గారు లేచారు.

"ఓ సదానందం! ఇది కట్టిందే గాలి కొరకు. నువ్వు దాని నోరు మూస్తివి గదరా! ఇప్పు, జల్ది ఇప్పు!"

"అమ్మా, పెద్దసారుకు ఎండ..."

"పెద్దసారును జర అరుగు మీదికి జరగమను. నా కొడుకు అరుగులు ఎందుకు కట్టిండనుకున్నవ్?"

షామియానా విప్పారు, ముఖ్య అతిథి అరుగు మీదికి జరిగారు, గాలి వచ్చింది. సభంతా చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లతోనే ఈ వ్యాసం ముగిసి ఉంటే ఎంత బాగుండేది! తర్వాతి కాలమంతా అద్దాల భవనాలది. ప్రభుదాసు గారికి పదోన్నతులు వచ్చాయి, గౌరవం వచ్చింది, పెద్ద గది వచ్చింది. కట్టడానికి మాత్రం పని రాలేదు. ఆయన నక్షలు "పాతకాలపువి" అన్న వ్యాఖ్యతో తిరిగి వచ్చేవి. అంతటి చేయిని అన్నేళ్లు ఖాళీగా కూర్చోబెట్టడం కన్నా వృథా మరొకటి ఉంటుందా? తొలినాటి కట్టడాలు ఒక్కొక్కటే కూలిపోగా, చివరికి ఆయనదంటూ మిగిలింది పఠన మందిరం ఒక్కటే.

వాన పడుతున్నదని ఎవరో దాని నడిమి వాకిలి మీద కూడా రేకులు కప్పించారు. దుమ్మొస్తున్నదని జాలీలు మూయించారు. ఇక లోపల ఉక్కపోత కాక మరేముంటుంది? "ఒక్క ఎండాకాలం ఆ రేకులు తీసి చూడండి" అని ప్రభుదాసు గారు ఎక్కే మెట్టూ దిగే మెట్టూగా తిరిగి బతిమాలారు. వినే నాథుడు లేడు. ఉక్కపోస్తున్నది గనుక భవనం పనికిరాదని తేల్చి, వచ్చే నెల పడగొట్టి ఏసీ భవనం కడతారట. కోపం రాదా మరి? వస్తుంది. వచ్చింది కూడా.

ఈ సన్మానం ఏ హాలులో పెట్టమంటారని మేము అడిగితే ఆయన ఒక్కటే కోరారు.

"చెల్లె, ఆ వాకిలిల పెట్టుండ్రి. రేకులు తీపిచ్చి, జాలీలు తెరిపిచ్చి. ఒక్క పగటిపూట చాలు."

ఇన్నేళ్లు దొరకని అనుమతి ఈసారి ఇట్టే దొరికింది. ఎట్లాగూ కూలగొట్టేదే కదా, తీసుకోండి అన్నారు. సదానందం గారు మనవడి భుజం పట్టుకుని మా ఆఫీసుకు వచ్చి, "ఆనాడు మూసింది నేనే, ఇప్పేది గుడ నేనే" అని పని తన మీద వేసుకున్నారు. ఏసమ్మ గారు లేరు. ఉంటే ఎంత సంబరపడేవారో, ఎంత తిట్టేవారో!

కనుక సహోద్యోగులకూ, కుటుంబ సభ్యులకూ, ఆయన శ్రీమతి జ్యోతి వదిన గారికీ నా విన్నపం ఒక్కటే. ఆ రోజు ఎవరూ వేదిక వెతుక్కోకండి, అరుగుల మీద కూర్చోండి. ఫ్యాన్లు తేకండి.

ఒక ఆర్కిటెక్టుకు సంపూర్ణ ఆయురారోగ్యాలు కోరేవారు, ఆయన కట్టినవి ఆయన తర్వాత కూడా నిలవాలని కలిపి కోరుకుంటారు. మాకు ఆ రెండో కోరిక కోరే భాగ్యం లేకుండా పోయింది. ప్రభుదాసు గారూ, మీ కట్టడాలన్నిటికన్నా ఎక్కువకాలం మీరు బతకబోతున్నారు. వాటికి దక్కని ఏళ్లన్నీ మీకే దక్కాలనీ, వదిన గారితో కలిసి ఆరోగ్యంగా, నిండుగా, చల్లని నీడన గడపాలనీ కోరుకుంటూ, మీకు ఇష్టమైన చోట, ఆ వాకిలిలో, మధ్యాహ్నం అందరికన్నా ముందే వచ్చి కూర్చుంటాను. గాలి ఏ పక్కనుంచి వస్తుందో నాకు తెలుసు.

— పద్మలత, నక్షల విభాగం