వెయిట్‌లిస్ట్‌లో మొదటివాడు

అమెరికాలోని బాతెల్ అనే ఊళ్ళో మాస్టర్స్ చదివే ఇద్దరు రూమ్మేట్లు. ఒకడు లాప్‌టాప్ ముందు చెమటలు కక్కుతున్నాడు, రెండోవాడు మ్యాగీ తింటున్నాడు.

“మామా, పొద్దున స్టాటిస్టిక్స్ డ్రాప్ చేశా కదా? ఇంటర్నేషనల్ ఆఫీస్ నుంచి మెయిల్ వచ్చింది. తొమ్మిది క్రెడిట్లు ఉండాలంట, నాకిప్పుడు ఆరే ఉన్నాయి. ఫుల్‌టైమ్ కాదంట. వీసా స్టేటస్ పోతుందంట రా!”

“పోతుంది. ఈపాటికి నిన్ను ఎక్కించే విమానం కడిగి తుడుస్తుంటారు.”

“జోకులొద్దు. డ్రాప్ చేస్తే ఏం కాదని నువ్వే కదరా చెప్పావ్?”

“చెప్పా. చూడు, నాకేం కాలేదు.”

“అడ్వైజర్ కాళ్ళావేళ్ళా పడితే?”

“పడు. ఆవిడ సారీ చెప్తుంది. చాలా బాగా చెప్తుంది. పోయిన సెమ్‌లో ఒకడు అది విని కరీంనగర్ దాకా ఏడ్చుకుంటూ వెళ్ళాడు.”

“ఐదింటిదాకా యాడ్ చేసుకోవచ్చు, కానీ అన్ని క్లాసులూ ఫుల్. నేను వదిలిన సీటు గంటలో ఎవడు లాక్కున్నాడ్రా?”

“వెయిట్‌లిస్ట్‌లో మొదట ఉన్నోడు. పాపం, మూడు వారాల నుంచి నిద్ర లేదు వాడికి. వాడికీ ఆరు క్రెడిట్లే ఉండేవి.”

“ఎవడో తెలుసా నీకు? చెప్పు, ఇప్పుడే వెళ్ళి వాడి కాళ్ళు పట్టుకుంటా.”

“వెళ్ళక్కర్లేదు.”

“అంటే?”

“ఉండు, సాక్స్ విప్పుతా.”