ఆయన నడిపితే వెలగని లైటు

మెకానిక్ కారు బానెట్ మూసేసరికి, పక్కనే ఎదురుచూస్తున్న నర్సు దగ్గరికి వచ్చింది.

"ఊరంతా నడిపి చూశానమ్మా. గేర్‌బాక్స్ బాగానే ఉంది."

"బాగుంటే నిన్న వంతెన మీద గేర్‌బాక్స్ లైటు వెలిగి ఎందుకు ఆగిపోయిందన్నా? వెనకాల లారీ. పైప్రాణాలు పైనే పోయాయి."

"మీ వారు నడిపితే ఆ లైటు రాదన్నారుగా?"

"అదే నా ఖర్మ. నీకు నడపడం చేతకాదు, రేపటి నుంచి తాళాలివ్వనంటున్నారు. ఆసుపత్రికి బస్సు లేదు. ఉద్యోగం మానుకోవాల్సిందే."

"ఏడవకండి. మీరే ఒకసారి స్టార్ట్ చేయండి."

ఆమె సీటు ముందుకు లాక్కుని స్టార్ట్ చేసింది. పసుపు లైటు వెలిగింది.

"అదిగో, చూడండి."

"ఉండండి, నేను కూర్చుంటా."

మోకాళ్ళు పట్టక అతను సీటు వెనక్కి జరిపాడు. లైటు ఆరిపోయింది.

"మగాళ్ళంటే దీనికి భయంలా ఉందే."

"అన్నా, సీటు మళ్ళీ ముందుకు లాగండి."

లాగాడు. వెలిగింది. అతను దిగి, సీటు కింద టార్చి వేసి చూశాడు.

"గేర్‌బాక్స్‌కి వెళ్ళే వైరు ఇక్కడ ఇరుక్కుంది. సీటు ముందుకొస్తే లాగేస్తోంది. మీరే కనిపెట్టారమ్మా."

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఆయనకి ఫోన్ చేసి, మీరే కనిపెట్టినట్టు చెప్పండన్నా. నేను కనిపెట్టానంటే నమ్మరు."