కట్ చేసిన పావుగంట

హంసలదీవి దగ్గర ఒక పాలెంలో, తుఫాను షెల్టరులో ఇరవై కుర్చీలు వేసి ఉన్నాయి. పదకొండు దాటినా అన్నీ ఖాళీయే. కుర్రకారుకు రేడియో కార్యక్రమాలు చేయడం నేర్పడానికి బందరు నుంచి వచ్చినావిడ, గుమ్మం దగ్గర చేపల గంప దించుకున్న మనిషిని పలకరించింది.

“పేర్లిచ్చినవాళ్ళలో ఒక్కళ్ళూ రాలేదేంటి పిన్నిగారూ?”

“రారండి. పోయినేడు వచ్చారుగా, చాల్లెండి.”

“పోయినేడు ఎంత బాగా మాట్లాడారు! మీ అమ్మాయి నాగమల్లేశ్వరైతే మైకు వదల్లేదు.”

“అవునండి. కుళాయిలో ఉప్పునీళ్ళొస్తన్నాయని, గొంతు దిగట్లేదని పావుగంట చెప్పింది. అది రేడియోలో వస్తదని ఆ రోజు మావాళ్ళు వేట కూడా మానుకుని కూచున్నారు. ఏమొచ్చిందో గుర్తుందా?”

ఆవిడ చేతిలోని పేర్ల జాబితా మడతపెట్టింది.

“‘నా పేరు నాగమల్లేశ్వరి, అందరికీ నమస్కారం.’ అంతేనండి. తర్వాత పాటేశారు. పాలెమంతా దాన్ని చూసి నవ్వారు.”

“ఫిర్యాదులు వద్దని పైవాళ్ళన్నారు పిన్నిగారూ.”

“కట్ చేసింది కూడా పైవాళ్ళేనా?”

“కాదు. నేనే.”

“పిల్ల అదే అంది. మేడంగారు అట్టాంటి మనిషి కాదే అని దాంతో పోట్లాడాను నేను.”

“ఒక్కసారి పిలవండి. తనతో నేనే చెప్పుకుంటాను.”

“ఇంట్లో లేదండి. ఆ కుర్చీల్లో కూచోవాల్సినోళ్ళెవరూ ఊళ్ళో లేరు. పొద్దున్నే సైకిళ్ళకి బిందెలు కట్టుకుని, మంచినీళ్ళకి పక్కూరెళ్ళారు.”