‘ఇల్లు తాళం’ అని రాయని సిస్టరమ్మ

పందొమ్మిది వందల తొంభై మూడు, జూన్ పద్నాలుగో తేదీ, సోమవారం ఉదయం సిస్టరమ్మ గారు మన ఆరోగ్య కేంద్రంలో నర్సుగా ఉద్యోగంలో చేరారు. ఆ రోజు జీపు స్టార్టవ్వలేదు. చేరిన గంటకే ఆమె వెనక నిలబడి జీపు తోశారు. తోస్తూనే, "డ్రైవరన్నా, రోజూ ఇదేనా? ఇవాళ నాకోసమా?" అని అడిగారు. "రోజూ ఇదేనమ్మా" అన్నాను. మర్నాడు చెప్పులు మాని బూట్లు వేసుకుని వచ్చారు.

ఈ నెలాఖరుకు ఆమె పదవీ విరమణ చేస్తున్నారు. ముప్పై ఒక్క ఏళ్లు. అందులో ఇరవై ఏళ్లు ఆమె ఎక్కిన జీపు నేనే నడిపాను గనుక ఆఫీసువాళ్లు వేస్తున్న వీడ్కోలు సంచికకు నన్నూ రాసివ్వమన్నారు. నా చదువు మూడో తరగతితో సరి. నేను చెబుతుంటే మా అమ్మాయి కూతురు రాస్తోంది. ‘అవిశ్రాంతంగా సేవలందించిన’ అని మొదలుపెట్టింది. కొట్టెయ్యమన్నాను. ఆమె విశ్రాంతి తీసుకునేవారు. మధ్యాహ్నం తిన్నాక వెనక సీట్లో బ్యాగు తలకింద పెట్టుకుని పది నిమిషాలు పడుకునేవారు. పదకొండో నిమిషానికి నేను హారన్ కొట్టాలి. అది మా ఒప్పందం.

కుటుంబాలవాళ్లు కూడా చదువుతారట కాబట్టి ఆమె పనేమిటో చెబుతాను. తొలిచూలు తల్లుల ఇళ్లకు వెళ్లడం. నాలుగో నెల నుంచి, పుట్టిన బిడ్డకు రెండేళ్లు నిండేదాకా, పదిహేను రోజులకొకసారి, చెప్పిన వారం, చెప్పిన వేళకు. ఒక్కో ఇంటికి ఒక్కో కార్డు. కార్డులో ఎడమపక్క తల్లి, కుడిపక్క బిడ్డ. బ్యాగులో బీపీ చూసే మిషను, టేపు, బిడ్డను గుడ్డ ఉయ్యాల్లో వేసి తగిలించే తూనిక, ఎలా ఎత్తుకోవాలో చూపించడానికి ఒక గుడ్డబొమ్మ.

ఏ ఇంటికి వెళ్లినా సిస్టరమ్మ ముందు బ్యాగు తెరిచేవారు కాదు. "దాహంగా ఉంది, కాసిని నీళ్లివ్వు" అనేవారు. ఆమెకు అంత దాహమేమిటో నాకు ఏడాదిదాకా అర్థం కాలేదు. ఒకరోజు జీపులో అడిగితే చెప్పారు. "నీళ్లు ఎవరు తెస్తారో చూస్తానన్నా. ఆ పిల్లే లేస్తే ఎలా లేస్తుందో చూస్తాను. గోడ పట్టుకుని లేస్తుందా, కడుపు పట్టుకుని లేస్తుందా, మొగుడు కూర్చునే ఉంటాడా. నేను అడిగితే బాగున్నానంటారు. నీళ్లకు లేస్తే నిజం తెలుస్తుంది."

మొగుళ్లను కూడా వదిలేవారు కాదు. ఒక తాపీమేస్త్రీ ఉండేవాడు. బిడ్డను తూనికలో వెయ్యమంటే వెనక్కి వెనక్కి పోతున్నాడు.

"ఇటుకలు మోసే చేతులండీ. జారిపోతుందేమో."

"ఇటుకలు జార్చేవాడివే అయితే నిన్ను పనిలో ఎవరు పెట్టుకున్నారయ్యా? ఎత్తు."

ఎత్తాడు. తూనిక అంకె చదువుతూ వాడు ఏడవడం కిటికీలోంచి నేను చూశాను. అలాంటివి చెప్పుకుంటూ పోతే సంచిక మొత్తం నాకే కావాలి. కానీ ఇంకో లెక్క కూడా ఉంది. ఆమె వెళ్లిన ఆరువందల పైచిలుకు ఇళ్లలో పదకొండు మంది బిడ్డలు పోయారు. ఇద్దరు తల్లులు పోయారు. ఏ ఇల్లో, ఏ నెలో ఆమెకు ఇప్పటికీ గుర్తే. ఆ పదకొండులో ఒక బిడ్డ మా ఇంటి బిడ్డ.

రెండువేల ఒకటిలో మా అమ్మాయికి తొలిచూలు. ఆఫీసుకు రెండు వీధుల అవతల, సైకిల్ షాపు మీద రెండు గదుల్లో అల్లుడితో ఉండేది. సిస్టరమ్మ మంగళవారం పదిన్నరకు ఆ మెట్లు ఎక్కేవారు. ఏడో నెల వచ్చేసరికి వానలు పట్టుకున్నాయి. వాగు అవతల మూడు ఇళ్లు చూడకుండా మిగిలిపోయాయి. ఒక మంగళవారం నేనే అన్నాను: "మా అమ్మాయి ఎక్కడికి పోతుందమ్మా, నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఈ పూట అవతలి ఇళ్లు చూసొద్దాం." ఆమె కాసేపు ఆలోచించి, "సరే, పద" అన్నారు. పదిహేను రోజులకు మళ్లీ అదే మాట అన్నాను. మళ్లీ సరేనన్నారు.

ఎనిమిదేళ్లు కిటికీల బయట కూర్చుని ఆమె అడిగే ప్రశ్నలన్నీ విన్నవాణ్ణి. నాకు కంఠతా వచ్చు. సాయంత్రం వెళ్లి అమ్మాయిని నేనే అడిగాను.

"కాళ్లు వాచాయా?"

"కొంచెం నాన్నా."

"మీ అమ్మకీ అంతేలే. తలనొప్పా?"

"ఉంది. కింద షాపులో ఆ సుత్తి మోతకి."

"కాస్త పడుకో."

ప్రశ్నలు నాకు వచ్చు. చేతికి పట్టీ చుట్టి ఆమె చూసే అంకె మాత్రం కిటికీ బయటికి వినిపించేది కాదు. మూడో మంగళవారానికి మూడు రోజుల ముందు, పొద్దున తొమ్మిదింటికి మా అమ్మాయికి ఫిట్స్ వచ్చాయి. ఆ జీపులోనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. అమ్మాయి బతికింది. పుట్టిన ఆడపిల్ల ఏడవలేదు.

రిజిస్టరులో ఆ రెండు మంగళవారాల గళ్లు ఖాళీగా ఉన్నాయి. వెళ్లినా మనిషి దొరక్కపోతే ‘ఇల్లు తాళం’ అని రాస్తారు. అలా రాస్తే ఎవరూ అడగరు. పై మెట్టు ఉద్యోగానికి ఆ ఏడాది జాబితాలో ఆమె పేరు ముందుంది. నేనే వెళ్లి చెప్పాను. "ఇల్లు తాళం అని రాసెయ్యండి సిస్టరమ్మా. మా ఇల్లే కదా, అడిగితే నేను చెబుతాను."

"నీ కూతురు ఇంట్లోనే ఉందన్నా" అన్నారు. నా ముందే రాశారు. ‘వెళ్లగలిగి ఉండీ వెళ్లలేదు.’ రెండు గళ్లలోనూ అదే.

విచారణ జరిగింది. పై మెట్టు ఉద్యోగం ఆగిపోయింది, మళ్లీ రాలేదు. చేరిన మెట్టు మీదే ఆమె ఇప్పుడు రిటైరవుతున్నారు. ఎందుకని కొత్తవాళ్లు రకరకాలుగా అనుకోవడం విన్నాను. పైవాళ్లతో పడలేదని కొందరు, పరీక్ష తప్పారని కొందరు. వెళ్లొద్దని చెప్పింది డ్రైవరు అని ఆమె ఆ విచారణలో ఒక్క ముక్క అనలేదు. నేనూ ఆ రోజు నోరు తెరవలేదు. ఇరవై మూడేళ్ల తరవాత ఇదుగో, ఇప్పుడు చెబుతున్నాను. దీన్ని ఆ రిజిస్టరు పక్కన పెట్టండి.

బిడ్డ పోతే కార్డు మీద ఎర్రగీత కొట్టి లోపల పడెయ్యాలి. ఆమె కొట్టలేదు. పదకొండో రోజు మంగళవారం. పదిన్నరకు బ్యాగు తీసుకుని బయలుదేరారు. ఆఫీసరు గారు పిలిచి, "లబ్ధిదారు లేని ఇంటికి ఏం పనమ్మా?" అన్నారు.

"కార్డు మీద ఇద్దరని మీరే అచ్చేయించారు సార్. ఒకరున్నారు."

"జీపు ఇవ్వను."

"రెండు వీధులే కదా సార్."

నడిచి వెళ్లారు. నేను బ్యాగు పట్టుకుని వెనకే వెళ్లి, మెట్ల దగ్గర ఆమెకిచ్చి కింద నిలబడ్డాను. మా అమ్మాయి తలుపు తీయలేదు. లోపల్నుంచి "పొండి" అంది. ఆమె పై మెట్టు మీద కూర్చుని కార్డులో రాశారు. ‘ఇంట్లో ఉంది. తలుపు తీయలేదు. గొంతు విన్నాను.’ మళ్లీ పదిహేను రోజులకు అదే. ఆ పైసారీ అదే. ఇంట్లో పొయ్యి అల్లుడే వెలిగిస్తున్నాడు. అమ్మాయి మంచం దిగడం లేదు. ఇది కూడా దక్కదేమోనని మా ఆవిడ నాతో అంది.

నాలుగోసారి గడియ తీసిన చప్పుడైంది.

"ఎందుకొస్తారు? ఏముందని చూస్తారిక్కడ?"

"దాహంగా ఉందమ్మా. కాసిని నీళ్లివ్వు."

తరవాత లోపల బిందె మీద మూత కదిలింది. మా అమ్మాయి తన చేత్తో ఒకరికి నీళ్లిచ్చి అప్పటికి యాభై మూడు రోజులు. సిస్టరమ్మ గ్లాసు మొత్తం తాగి, బీపీ చూసి, పెద్దవాళ్ల తూనిక కింద పెట్టి అమ్మాయినే ఎక్కించారు. ముప్పై ఎనిమిది కిలోలు.

"ఆ రెండుసార్లు ఎందుకు రాలేదు మీరు?" అని అమ్మాయి అడగడం విన్నాను.

"రావాల్సింది. రాలేదు" అన్నారు. కింద మెట్ల దగ్గర నేనున్నానని ఆమెకు తెలుసు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

ఆ కార్డు మా ఇంట్లో ఉంది. కుడిపక్క అంతా ఖాళీ. ఎడమపక్క ముప్పై ఎనిమిది, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిదిన్నర, నలభై. ఆ బిడ్డ బతికుంటే రెండేళ్లు నిండే మంగళవారందాకా గళ్లు నిండాయి. చివరి గడిలో నలభై తొమ్మిది. మరుసటి ఏడు మా మనవరాలు పుట్టింది. ఆ తొమ్మిది నెలల్లో సిస్టరమ్మ ఒక్క మంగళవారం తప్పలేదు. నేనూ ఆ పూట నోరెత్తలేదు. ఆ పిల్లే ఇది రాస్తోంది.

నేను రిటైరయ్యాక కూడా టీకి ఆఫీసుకు వస్తుంటాను కాబట్టి తరవాతి సంగతులు తెలుసు. రిజిస్టర్లు పోయి ఫోన్లు వచ్చాయి. ‘ఇల్లు తాళం’కి ఇప్పుడొక బటన్. కొత్త నర్సులు ఎండలో తిరిగొచ్చి అది నొక్కి కూర్చుంటే సిస్టరమ్మ, "తాళం చూశావా, మూసిన తలుపు చూశావా?" అని అడిగేవారట. "తలుపే చూశాను మేడమ్" అంటే మళ్లీ పంపేవారట. ఆమె వెనక మీరంతా ఎంత తిట్టుకున్నారో నాకు తెలుసు. అలా తిట్టుకుంటూ వెళ్లిన ఒక పిల్ల మూసిన తలుపు వెనక బాలింతను స్పృహ లేకుండా చూసింది. ఆ తల్లి బతికింది. ఆ నర్సు పిల్ల ఈ సంచికలోనే రాస్తోందట, మిగతాది తనే చెబుతుంది.

ఇది అచ్చుకు ఇచ్చేముందు మా అమ్మాయికి చదివి వినిపించమన్నాను. వెళ్లొద్దని చెప్పింది నేనేనన్న సంగతి దానికి ఇన్నాళ్లూ తెలియదు. మనవరాలు ఆ ముక్క దగ్గర ఆగింది. చదవమన్నాను. అంతా విని మా అమ్మాయి లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట నాతో మాట్లాడలేదు. మర్నాడు వచ్చి, "అందులో ఒక్క మాట కూడా తీసెయ్యొద్దు నాన్నా" అంది. ఆ వెంటనే, "నేను చెప్పేది కూడా రాయించు" అంది.

సిస్టరమ్మా, అది చెప్పింది చెప్పినట్టే రాయిస్తున్నాను. మీరు ఒక్కరే ఉంటారు. మోకాళ్లు నొప్పులు. ఎవరడిగినా బాగున్నానంటారు. అందుకని మీరు రిటైరైన మొదటి మంగళవారం పదిన్నరకు మా అమ్మాయి మీ ఇంటికి వస్తుంది. ఆ తరవాత పదిహేను రోజులకొకసారి. వచ్చి నీళ్లడుగుతుంది. మీరెలా లేస్తారో చూస్తుంది. మీరు లేచి తెచ్చినంతకాలం తాగుతుంది, లేవలేని రోజున తనే తెచ్చి మీకిస్తుంది.

మీరు లేచి నీళ్లు తెచ్చే మంగళవారాలు ఇంకా చాలా చాలా ఉండాలని మా ఇంటిల్లిపాదీ కోరుకుంటున్నాం. తలుపు తీయకపోతే అది మెట్టు మీద కూర్చుంటుంది. ఇల్లు తాళం అని రాసుకుని మాత్రం వెళ్లదు.