గరిటెమ్మ కడబంతి

మీ పెద్దమ్మ అన్నదా ఆ మాట? నీ కూతురు వడ్డిస్తుంటే అచ్చం గరిటెమ్మ పోలికే అని? అని ఊరుకుందా, ఇంకేమైనా చెప్పిందా? ఊరుకునే ఉంటుంది. మా ఇంట్లో ఆ పేరెత్తిన ప్రతివాళ్లూ చప్పున నాలిక కరుచుకునేవాళ్లే. కూర్చో అమ్మాయ్. వంటిల్లు నీ కూతురు చూసుకుంటోందిగా, కాసేపు కూర్చో.

గరిటెమ్మంటే నా చెల్లెలు, మీ నాన్నకి అక్క. నువ్వు పుట్టకముందే పోయింది. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా మాకు మెస్సుండేదని తెలుసుగా. రైలు పెట్టెలా పొడుగాటి గది, అటో వరస బల్లలు ఇటో వరస బల్లలు, వెనక వంటిల్లు, ఒకటే పొగ. నా కళ్లు ఆ పొగకే మసకబారాయి. డాక్టరేమో వయసంటాడు, వాడి మొహం. ఆఁ, ఏం చెబుతున్నాను? మీ తాత పెట్టిన రూలొకటుండేది. గరిటె చేతిలో ఉన్నవాళ్లు చివర్న తినాలి. షిఫ్టు దిగినవాళ్లు తినాలి, పిల్లలు తినాలి, ఆ తర్వాత మనం. అదన్నా అందరం కలిసి కూర్చుని కాదు. ఎవరికి తీరిక దొరికితే వాళ్లు, ఒకళ్లు నిలబడి, ఒకళ్లు పొయ్యి దగ్గర. ఎవరు తిన్నారో ఎవరు చూడొచ్చారు?

అది గరిటె పట్టిందంటే చాలు, "గరిటెమ్మ వచ్చిందిరోయ్, ఇవాళ పొట్టలు పగలాల్సిందే" అని బల్లలు చరిచేవాళ్లు. "ఇంకొక్క ముద్ద అన్నా, నా మీద ఒట్టు" అని బతిమాలి పెట్టేది. రేపేం వండాలి, ఎల్లుండేం వండాలి, నిద్రలోనూ అదే గోల. అలాంటి పిల్ల తిండి మానేసిందంటే ఎవరు నమ్ముతారు చెప్పు? నేనేమో అమ్మతో తినుంటుందనుకున్నా. అమ్మేమో నాతో తినుంటుందనుకుంది. అడిగితే "ఇప్పుడేగా తిన్నాను" అని మూతి తుడుచుకునేది. ఎంగిలి పళ్లెం కూడా చూపించేది తల్లీ, ఎవరిదో. పైగా మీ తాత పొంగిపోయేవాడు. "దీన్ని చూసి నేర్చుకోండ్రా, తిండి మీద యావ లేని పిల్ల!" అని అందరి ముందూ అనేవాడు. దాని మొహం వెలిగిపోయేది.

ఎలా మొదలైందంటావా? ఎవడో ఫిట్టరు, "మెస్సు పిల్ల కదా, బాగానే మేస్తోంది" అని నవ్వాడట. మా అమ్మ పోయేదాకా వాణ్ణి తిడుతూనే ఉంది. ఒక్క మాటకే ఇంత అవుతుందా? ఏమో. నన్ను దున్నపోతన్నారు, నేను ఇంకో ముద్ద ఎక్కువే లాగించా. అందరి మనసూ ఒక్కలా ఉండదు. ఎండాకాలం స్వెట్టరేసుకుని తిరిగేది, చలిట. దువ్వెన నిండా జుట్టే. చేతులు పుల్లల్లా అయిపోయాక కూడా అద్దం ముందు నిలబడి, "అన్నయ్యా, లావయ్యాను కదూ?" అంది ఓసారి. వేళాకోళమనుకుని నవ్వబోయి, దాని కళ్లు చూసి ఆగిపోయా. భయమమ్మా, ఉత్త భయం.

సంగతి తెలిశాక మీ తాత మొదట బతిమాలాడు, తర్వాత చెయ్యి చేసుకున్నాడు. "పదిమందికి అన్నం పెట్టే కొంపలో పుట్టి అన్నం వద్దంటావా, ఎంత పొగరే నీకు!" అని దవడలు పట్టుకుని కుక్కేవాడు. అది మింగి, దొడ్లోకెళ్లి కక్కేది. ఆ తర్వాత తలుపు చాటున ఆయనా ఏడ్చేవాడు. చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళితే డాక్టరమ్మ చెప్పింది. "ఆకలి లేక కాదయ్యా, ఆకలేస్తూనే ఉంది. తింటే ఏమైపోతానోనని హడలు. ఇది మొండితనం కాదు, జబ్బు. జ్వరమొచ్చిన పిల్లని కొడతారా? కాస్త ముందు తేవాల్సింది" అంది. దానికో పేరుందనే తెలీదు మాకు, ముందేం తెస్తాం? గుండె అలిసిపోయిందన్నారు. ఆగిపోయింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా పర్వాలేదంటారే. దానికి వడ్డించేవాళ్లేరీ? అందరికీ అదే వడ్డించేదాయె.

ఏం, అలా చూస్తావేం? వచ్చిన దగ్గర్నుంచీ నువ్వేగా మురిసిపోతున్నావు, "మా అమ్మాయికి వంటంటే ప్రాణం పెదనాన్నా, అందరికీ పెట్టిగానీ తినదు" అని. ఇంత ఉక్కలో పొడుగు చేతుల చొక్కా ఎందుకేసుకుందే అది? అది తింటుంటే చూసి ఎన్నాళ్లయింది? నువ్వు, నీ కళ్లతో. వాళ్ల నాన్నతో తినుంటుందని మాత్రం అనకు, నీకు పుణ్యముంటుంది.

ఏడవకు. ఇప్పుడు నయమవుతుందట, దీన్ని చూసే డాక్టర్లే వేరే ఉన్నారట. రేపు పొద్దున్నే వెళదాం, నేనూ వస్తా. తిట్టకు, కొట్టకు, ఒట్లు పెట్టకు. ష్, వస్తోంది. కళ్లు తుడుచుకో.

ఆఁ, రా తల్లీ, రా. చాల్లే వడ్డించింది. ఆ గరిటె మీ అమ్మకిచ్చి, ఇలా నా పక్కన కూర్చో.