కాగితం మీద నా పేరు

హలో… ఆఁ, నేనే, సత్యకుమారినే. సెప్పు, ప్రసాదన్నా… గట్టిగా మాటాడు. టీకాల పెట్టి భుజాన ఏసుకుని అనంతగిరి ఘాట్లో మలుపు కాడున్నాను. ఇది దాటితే సిగ్నలుండదు.

…పదకొండింటికా? రిజిస్ట్రారాఫీసుకి? ఈరోజేనా! ఆలోసిత్తానన్నాను గాని వస్తానన్లేదు కదా.

…రిస్కేటీ లేదని ఎవరు సెప్పినారు?… బ్రోకరా!

అన్నా, మన ఆస్పత్రి ల్యాబులో మలేరియా స్లైడు రెండేసిసార్లు సూత్తావు. ఆ భూమిని ఒక్కసారైనా సూసినావా?… ఫోటోలోనా!

వినుకో. ఏజెన్సీ భూమి గిరిజనులకి తప్ప ఇంకొకరికి రాయకూడదు. నువ్వు కింద చీపురుపల్లోడివి, గిరిజనుడివి కాదు. అందుకే నేను కావాలి. డబ్బు నీది, కట్టే కాటేజీలు నీవి, పేరు మాత్రం నాది. రేపు నేను సచ్చిపోతే?… నవ్వకు. మా ఆయన అడ్డం తిరిగితే? ఏ కోర్టుకెళ్లి ఏటని సెప్తావు?

…నమ్మకమా. ఆఁ, నా పురిటప్పుడు రక్తమిచ్చినావు. మర్సిపోలేదు. కాదనలేకే నిన్న ఆలోసిత్తానన్నాను.

సరే గాని, ఎక్కడా భూమి?… గెడ్డ పక్కన, నీళ్లు పారే కాడ… ఊఁ… కాఫీ తోట… మిరియాల తీగలు… మధ్యలో రాయి అడ్డమా? ఏం రాయి?… పసుపు రాసుందా?

…పీకించేసి అక్కడే కాటేజీ కడదామన్నాడా బ్రోకరు!

అన్నా, అది మా సంకుదేవుడు. ఏటా పండగ సేసేది అక్కడే… ఆగు. అమ్మేవోడి పేరేటి?… తెలీదా? అడ్వాన్సిచ్చీసి పేరు తెలీదా! కాగితం తీసి సదువు… బేగి.

…

…మళ్లీ సదువు.

సోంబరు మా అమ్మకి తమ్ముడన్నా. నన్ను భుజాలెక్కించుకుని బడికి మోసిన మావ. అమ్ముతానని ఎప్పుడూ అన్లేదే… ఏటి? మావకి మూడేళ్ల లీజని సెప్పినారా? తరవాత మెల్లిగా సెప్తారా! ఇది నీకు ముందే తెలుసా?

…నిన్ననే తెలిసిందా. తెలిసే నాకు ఫోన్ సేసినావా!

నాకు ఒళ్లు మండిపోతంది. అడ్వాన్సు పోద్దేమోనని నీ రిస్కు నువ్వు లెక్కేసుకున్నావు. మా మావది ఎవరు లెక్కేసినారు?

…కాదు, విను. నేను వస్తాను. సంతకమూ పెడతాను. కాగితం మీద నాదయితే నాదే. మర్నాడే మావకి తిరిగి రాసిచ్చెత్తాను. అప్పుడు నువ్వు సేసీదేటీ ఉండదు. మోసం సేసిందనకు, ముందే సెప్తన్నాను. ఇప్పుడు సెప్పు, రమ్మంటావా?

…



…వద్దా. మంచిది… ఏటీ? బ్రోకరు కాడ ఇంకో పేరుందా? ఎవరిది?… ఎవరి పేరు మీద రాయిత్తన్నారు?… అన్నా!… హలో? హలో!

ఫోన్ కట్ సేసీసినాడు.

…ఎత్తు మావా, ఎత్తు…

హలో… మావా, నేనే, సత్యని. ఎక్కడున్నావు?… జీపెక్కీసినావా? ఆళ్లతోనే?… అది లీజు కాదు మావా. అమ్మకం… ఆఁ, అమ్మకమే. దేవుడి రాయితో సహా… వేలిముద్ర ఎక్కడా ఎయ్యలేదు కదా?

…ఎయ్యలేదా. అయితే నేనొచ్చీదాకా ఆ సెయ్యి జేబులోంచి తియ్యకు.